గడప దగ్గర చెప్పిన పేరు

నాకు చదువు లేదు. నా పేరు ఎక్కడ రాసి ఉన్నా గుర్తుపడతాను, మా ఆయన పేరు గుర్తుపడతాను, మా నాన్న కొట్లో డబ్బాల మీద సుద్దతో రాసి ఉండే కందిపప్పు, చింతపండు లాంటి మాటలు ఆ వంకర్లను బట్టి పోల్చుకుంటాను. అంతే. ఇదంతా నేను నోటితో చెబుతుంటే మా ఆడపడుచు కామేశ్వరి రాస్తోంది. తను పెంటపాడు స్కూల్లో టీచరు, సెలవులకి నా దగ్గరికి వచ్చింది. నాలుగు రోజులుగా మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం వీధి గదిలో కూర్చుంటున్నాం. నేను మంచం మీద, తను వాళ్ళన్నయ్య కుర్చీలో. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే నేను చూడలేను గానీ, ఆ బల్ల ఎత్తుకి సరిపోయే కుర్చీ ఇంట్లో అదొక్కటే.

మా ఆయన పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయిపోయి, వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయాక, ఒకరోజు పొద్దున్న పదకొండు వేళ ఒకాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. యాభై దాటిన మనిషి, చేతిలో గుడ్డ సంచి, బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టు మొహమంతా చెమట. "ఏవండీ, టైపు సార్ ఇల్లు ఇదేనాండీ? సార్ పేరు ఒక్కసారి చెబుతారాండీ?" అన్నారు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పరు. నేను వీధి గది మీద బోర్డు వైపు చెయ్యి చూపించాను. రంగు వెలిసిపోయినా అక్షరాలు ఉన్నాయింకా, 'పురుషోత్తం టైపింగ్, జిరాక్స్' అని. (ఆ పేరు కామేశ్వరి తనంతట తను రాస్తోంది. నేను బోర్డు అన్నానంతే.) "అదేనండీ, అదే! సార్ ఉన్నారాండీ?" అన్నారాయన సంతోషంగా. ఈసారి నేను లోపల గోడ మీద దండ వేసి ఉన్న ఫోటో వైపు చెయ్యి చూపించాల్సి వచ్చింది. ఆయన చెప్పులు విప్పి, లోపలికి రాకుండా అక్కడే చాలాసేపు నిలబడిపోయారు.

పేరు భాస్కర్ అని చెప్పారు. ఊరు జంగారెడ్డిగూడెం, అక్కడ విత్తనాలు, ఎరువుల కొట్టు ఉందట. మంచినీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. స్పైరల్ వేసిన పుస్తకం, పైన లోపలిది కనపడే ప్లాస్టిక్ అట్ట. "ఇరవై ఏళ్ళ నాటివండీ ఇవి. కస్తూరి సీరియల్‌కి సార్ రాసిన భాగాలన్నీ. మా అభిమానుల గుంపులో ఒకావిడ దాచి ఉంచారు. నేను ప్రింటు తీయించానండీ, సార్‌కి ఇచ్చి దండం పెట్టి వెళదామని" అన్నారు. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఏదో ఉంది, అది నాకు తెలియలేదు. దాని కింద ఉన్న వరస మాత్రం తెలిసింది. మా వీధి గది మీద ఉన్న బోర్డులో మొదటి మాట అది. నేను ఆ అట్ట తిప్పాను. తర్వాత కాగితం తిప్పాను. ఆ తర్వాత కాగితం. "ఏం చూస్తున్నారండీ?" అని ఆయన అడిగారు. నేను నా పేరు వెతుక్కుంటున్నాను.

ఎందుకు వెతుక్కున్నానో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా పుట్టిల్లు కొల్లేరు అంచున ఒక లంక. వానాకాలంలో ఊరెక్కడ అయిపోయిందో నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలిసేది కాదు. మా నాన్నది ఊళ్ళో ఒక్కటే కిరాణా కొట్టు. మేం నీసు ముట్టం, కానీ ఊరంతా చేపలు ఎండేసే ఊరు కాబట్టి ఆ వాసన మా పప్పుల్లో, మా బట్టల్లో, మా దేవుడి గదిలో కూడా ఉండేది. అమ్మ పోయేసరికి నేను మూడో తరగతి. ఆ ఏడాదే నీళ్ళొచ్చి బడిలో జనాన్ని పెట్టారు. నీళ్ళు తీశాక బడి తెరిచారు గానీ, నన్ను పంపితే ఇల్లు చూసుకోవడానికి ఇంకో ఆడమనిషి లేదు. పొయ్యి దగ్గర పని అయ్యాక కొట్లో కూర్చునేదాన్ని. తాటిదోనెలు గట్టుకి కట్టేసి ఆడవాళ్ళు తడిబట్టల్తో వచ్చేవాళ్ళు, ఉప్పుకీ, పసుపుకీ, కిరసనాయిలుకీ. తూచినంతసేపూ మాటలే. ఒకావిడ అత్తని తిట్టేది, ఇంకొకావిడ ఆ అత్త తరఫున జవాబు చెప్పేది. మంగమ్మ అని ఒకావిడుండేది, ఆవిడ నోరు విప్పితే కొట్లో ఉన్నవాళ్ళందరూ కొనడం మానేసి వినేవాళ్ళు. పలక మీద నేర్చుకున్న నాలుగు అక్షరాలూ మర్చిపోయాను. ఆ కొట్లో కూర్చుని ఎవరు ఎలా మాట్లాడతారో నేర్చుకున్నాను. అన్నం వడ్డిస్తూ మా నాన్నకి ఆ మాటలన్నీ వాళ్ళ గొంతులతోనే చెప్పేదాన్ని. ఆయన నవ్వి నవ్వి పొలమారి, "చాలే, ఇంక మెతుకు దిగదు" అనేవాడు.

పద్దెనిమిదో ఏట నన్ను తాడేపల్లిగూడెం ఇచ్చారు. పెళ్ళయ్యి కొత్త కోడలిగా గుమ్మంలోకి వస్తే, పన్నెండేళ్ళ కామేశ్వరి రెండు చేతులూ చాచి గడపకి అడ్డం నిలబడింది. అది మన వైపు అందరిళ్ళల్లో ఉన్నదే. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చెబితేగాని ఆడపడుచు లోపలికి రానివ్వదు. "నేనూ, ఈవిడా వచ్చాం, జరుగు" అన్నారాయన. "ఆహా, ఈవిడెవరు? పేరు లేదా?" అంది కామేశ్వరి. వెనకాల ఉన్న ఆడవాళ్ళు ఒకటే నవ్వులు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తల పైకెత్తి, గుమ్మానికి కట్టిన మామిడాకులతో చెబుతున్నట్టు, "శేషారత్నం" అన్నారు. ఎంత మెల్లగా అంటే, పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. నా వంతు వచ్చింది. నాకు కొట్టు గొంతు తప్ప ఇంకోటి తెలియదు. ఆయన పేరు వీధి చివరికి వినపడేలా చెప్పాను. మా అత్తయ్యగారు నోటి మీద చెయ్యి వేసుకుని, "అమ్మో, పిల్లకి గొంతుందిరా!" అన్నారు. ఆయన నోట నా పేరు విన్నది ఆ ఒక్కసారే. తర్వాత ముప్ఫై ఏళ్ళు నేను 'ఇదిగో'ని. పూజలో పంతులుగారు ధర్మపత్ని పేరు అడిగితే కూడా ఆయన వాళ్ళమ్మ వైపు చూసేవారు, ఆవిడ అందించేవారు. నేను మాత్రం ఆయన పేరు పెట్టి పిలిచానా? లేదు. 'ఏవండీ' అనేదాన్ని. ఇది ఆయన ఒక్కరి తప్పని నేనడం లేదు.

మామయ్యగారిది ఉల్లిపాయల వ్యాపారం. గూడెం మార్కెట్‌కి లారీలు వచ్చేవి, మిగిలిన బస్తాలు మా ఇంటి వెనక వసారాలో పడేవి. పుట్టింట్లో చేపల వాసన, ఇక్కడ ఉల్లి వాసన. ఉల్లిపొరలు గాలికి లేచి పాలగిన్నెలో పడేవి, జడలో చిక్కుకునేవి. అత్తయ్యగారు తెల్లారగానే వసారాలో చాటంత చీపురుతో ఆ పొరలు ఊడ్చి, మళ్ళీ స్నానం చేసి, అప్పుడు మడి కట్టుకునేవారు. ఆవిడ కళ్ళజోడు పోపులపెట్టెలో దాచుకునేవారు, అక్కడైతే ఎవరూ ముట్టరని. ఆ కళ్ళజోడు పెట్టుకుంటే ఆవాల వాసన వచ్చేది. మా ఆయన వాళ్ళకి రెండో కొడుకు. ఉల్లిపాయల దగ్గర కూర్చోలేక వీధి గదిలో కంప్యూటర్ పెట్టుకుని టైపింగ్ పని మొదలుపెట్టారు. దస్తావేజులు, అర్జీలు, పెళ్ళిశుభలేఖలు. జిరాక్స్ మిషను వేడెక్కితే ఒక కాలిన వాసన వచ్చేది, ఉల్లి వాసనలో అది కలిసిపోయేది. ఇప్పటికీ ఎక్కడైనా జిరాక్స్ కొట్టు ముందు నుంచి వెళితే నా కాళ్ళు ఆగుతాయి. మాకు పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నన్ను మాట అనలేదు, అది కూడా చెప్పాలి.

సాయంత్రం ఏడింటికి ఇల్లంతా ఆ సీరియల్ ముందు కూర్చునేవాళ్ళం. కస్తూరి అని ఒక కోడలు. చెయ్యని తప్పుకి అత్తవారు నింద వేస్తారు, మొగుడు శేఖర్ నోరు విప్పడు. ఒకరోజు కస్తూరి పెట్టె పట్టుకుని గడప మీద నిలబడింది, బయట వాన. ఆ బొమ్మ మీద ఆపేశారు. మర్నాడు అదే టైముకి వేరే సీరియల్ వచ్చింది. కస్తూరి మళ్ళీ రాలేదు. ఎందుకు ఆపేశారో ఎవరికీ తెలియదు. అత్తయ్యగారు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. "ఆ పిల్ల గడప మీద నిలబడే ఉందే, అమ్మాయ్. లోపలికీ లేదు, బయటికీ లేదు. తడిసిపోతోంది" అన్నారు. ఆవిడ బాధ చూడలేక నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "లేదండీ అత్తయ్యగారూ, లోపలికి వచ్చేసింది. ఎలా వచ్చిందో చెప్తాను, మీరు రెండు ముద్దలు తినండి" అన్నాను. కస్తూరి గొంతుతో, వాళ్ళత్త గొంతుతో, పనిమనిషి గొంతుతో చెప్పుకుపోయాను. అత్తయ్యగారు కంచం ఖాళీ చేశారు. భోజనానికి వచ్చిన ఆయన తలుపు దగ్గర నిలబడి వింటున్నారని నాకు తెలియదు. చెయ్యి కడుక్కుంటూ, "ఇదిగో, ఆ ముక్క వీధి గదిలోకి వచ్చి మళ్ళీ చెప్పు" అన్నారు.

అలా మొదలైంది. ఆ సీరియల్ ఆగిపోయాక మాలాగే దిగులుపడ్డవాళ్ళు ఇంటర్నెట్‌లో ఒకచోట చేరారట. ఒకరి మొహం ఒకరికి తెలియదట, ఊళ్ళు వేరు, చాలామందివి పేర్లు కూడా సొంత పేర్లు కావట. తర్వాత ఏం జరిగి ఉంటుందో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసి అక్కడ పెట్టేవారట. మిగతావాళ్ళందరూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే, శుభ్రంగా తెలుగులో, సినిమావాళ్ళు రాసుకునే పద్ధతిలో పెట్టింది మేమే. కాగితానికి ఎడమ పక్క ఏం జరుగుతోందో, కుడి పక్క ఎవరేమంటున్నారో. రోజూ ఒంటిగంట నుంచి మూడు వరకూ, ఆఫీసులవాళ్ళు భోజనాలకి వెళ్ళి గిరాకీ ఉండని వేళ, నేను ఈ మంచం మీద కూర్చునేదాన్ని. ఆయన నా వైపు చూసేవారు కాదు, తెర వైపే. "ఇప్పుడు ఎవరంటున్నారు?" అని అడిగేవారు. "గొంతు తెలియడంలా? అత్తగారు" అనేదాన్ని. "నెమ్మదిగా చెప్పు, ఇవి వేళ్ళా, మిషనా" అనేవారు. ఒక్కోసారి నేను అత్తగారి తిట్టు తిడితే వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి తొంగిచూసేవారు. ఆయన నవ్వు ఆపుకోలేక, కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి, కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. ఆ నవ్వు నా వల్ల వచ్చిన నవ్వు. అలాంటిది నాకు ఆ ఇంట్లో ఇంకెక్కడా దొరకలేదు.

రెండు రోజులకోసారి గుంపులోవాళ్ళు ఏమన్నారో చదివి వినిపించేవారు. మస్కట్‌లో నర్సు ఒకావిడ మా భాగం చదివితేగాని డ్యూటీకి వెళ్ళదట. ఇంకొకావిడ తన భాగంలో కస్తూరికి కవలపిల్లల్ని పుట్టించింది. "వద్దని చెప్పండి. పిల్లలు పుడితే అత్తగారు ఊరికే మంచిదైపోతుంది, ఇంక కథేముంది?" అన్నాను. ఆయన నా మొహం వైపు ఒక్క క్షణం చూసి, అలాగే టైపు చేశారు. ఒకసారి కస్తూరి చేత ఒక మాట అనిపించాను. "నా కంచంలో చెయ్యి పెట్టావు, ఊరుకున్నాను. నా నోట్లో చెయ్యి పెడితే కొరుకుతాను" అని. అది మా నాన్న కొట్లో మంగమ్మ తోటికోడలితో అన్న మాట. గుంపంతా ఆ మాట పట్టుకుని వారం రోజులు ఒకటే పొగడ్తలట. "ఎవర్ని పొగిడారు?" అన్నాను. "రాసినవాళ్ళని" అన్నారు. "పైన పేరు వేస్తారా?" "వేస్తారు." "నా పేరు వేశారా?" "వేశానులే" అన్నారు. చూపించమని అడగలేదు. అడిగితే ఆ తెర ముందు నిలబడి ఒక్కో అక్షరం వేలు పెట్టి వెతుక్కోవాలి, ఆయన చూస్తుండగా. అది నాకు సిగ్గు. ఆ సిగ్గే నా కొంప ముంచింది. ఆ తర్వాత వీధిలో నడుస్తుంటే కూడా నాకో ధీమా ఉండేది. ఈ గూడెంలో ఉల్లిపొరలు ఊడ్చుకునే శేషారత్నం పేరు సముద్రం అవతల ఎవరో చదువుతున్నారు కదా అని.

రెండేళ్ళు సాగింది. ఆఖరి భాగం దగ్గర తెగిపోయింది. నేను చెప్పిన ముగింపు ఏమిటంటే, నింద పోతుంది, అత్త దారికొస్తుంది, అంతా సర్దుకుంటుంది, అప్పుడు కస్తూరి పెట్టె సర్దుకుని తనంతట తనే పుట్టింటికి వెళ్ళి వాళ్ళ నాన్న మూసేసిన కొట్టు తెరుస్తుంది. ఆయన చేతులు ఆగిపోయాయి. "అంతా బాగానే ఉందిగా, ఎందుకు వెళుతుంది?" అన్నారు. "ఆ ఇంట్లో దాన్ని పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. అందుకు వెళుతుంది" అన్నాను. నేను కస్తూరి గురించే అన్నాను. నిజంగా కస్తూరి గురించే అనుకుని అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. తర్వాత, "శేఖర్ పిలుస్తున్నాడుగా" అన్నారు, తెర వైపే చూస్తూ. "ఎక్కడ పిలిచాడు? నేను చెప్పలేదే అలాగ?" అన్నాను. "జనం ఒప్పుకోరు. మార్చు" అన్నారు. "మార్చను. అది వెళుతుంది, అంతే" అన్నాను. ఆయన లేచి, నా పాతచీర ముక్కతో కుట్టిన ముసుగు కంప్యూటర్ మీద కప్పేశారు. మర్నాడు మధ్యాహ్నం నేను మంచం మీద వచ్చి కూర్చున్నాను. ఆయన ఒక దస్తావేజు టైపు చేసుకుంటూ ఉండిపోయారు. ఆ మర్నాడు కూడా అంతే. మూడోరోజు నేను రాలేదు. ఆ తర్వాత కస్తూరి మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అత్తయ్యగారు పోయారు, ఉల్లిపాయల వ్యాపారం పోయింది, అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చి టైపింగ్ పని సన్నబడింది. మేమిద్దరం ఒకే ఇంట్లో 'ఇదిగో, ఏవండీ' అనుకుంటూ బతికాం. పోయిన ఏడాది ఒక పొద్దున్న ఆయన కాఫీ గ్లాసు పట్టుకునే ఒరిగిపోయారు.

ఇప్పుడు భాస్కర్‌గారి ముందు కూర్చుని కాగితాలు తిప్పుతున్నాను. ఆ రోజు కామేశ్వరి కూడా సెలవులకి వచ్చి ఇంట్లోనే ఉంది, ఆయనకి కాఫీ తెచ్చింది. చివరి కాగితం దాకా వెళ్ళాను. నా పేరు ఎక్కడా లేదు. "ఇది నేను చెప్పిందండీ" అన్నాను. ఆయన కాఫీ పక్కన పెట్టి, వినయంగా, "మీ సహకారం లేకపోతే సార్ ఇంత రాయగలరా అండీ" అన్నారు. "సహకారం కాదండీ. ఇది నేను చెప్పింది. కంచంలో చెయ్యి పెట్టావు అన్న మాట మా మంగమ్మది." ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు కామేశ్వరి వైపు వెళ్ళాయి. కామేశ్వరి నేల చూపులు చూస్తూ, "వదిన కబుర్లు చెప్పేదండీ. అన్నయ్య రాసుకునేవాడు" అంది. గడపకి అడ్డం నిలబడి పేరు చెప్పమన్న పిల్ల అన్న మాట అది.

భాస్కర్‌గారు చెడ్డమనిషి కాదు. నన్ను నొప్పించకూడదని, "పోనీ అండీ, ఆఖరి భాగం సార్ పెట్టలేదు. మీకు తెలిస్తే చెప్పండి. మా గుంపు ఇప్పుడు ఫోన్లోకి మారింది, ఎవరూ రాయడం లేదు, పొద్దున్నే పువ్వుల బొమ్మలు పెట్టుకుంటున్నాం. ఇదంతా పుస్తకంగా వేద్దామని మా అందరి కోరిక" అన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత నోరు తెరిచాను. అంతా చెప్పాను. కస్తూరి పెట్టె సర్దుకోవడం, వాళ్ళత్త అడ్డం రావడం, శేఖర్ మెట్ల దగ్గర స్తంభంలా నిలబడటం, కస్తూరి గడప దాటడం, కొట్టు తలుపు తుప్పు పట్టి ఎంతకీ రాకపోవడం. ఆయన చివరిదాకా కదలకుండా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "బాగుందండీ" అన్నారు. "కానీ ఇది సార్ రాసింది కాదండీ. సార్ అయితే శేఖర్‌ని అలా నిలబెట్టరు. కస్తూరీ అని పిలిపిస్తారు. ప్రతి భాగంలోనూ పిలుస్తాడు కదండీ! మా గుంపులో ఆడవాళ్ళందరికీ అదే ప్రాణం. శేఖర్ ఏమీ చెయ్యడండీ, గట్టిగా నాలుగు మాటలు మాట్లాడడు, కానీ పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పిలుపు కోసమే చదివేవాళ్ళం."

నా చేతుల్లో పుస్తకం బరువెక్కింది. ఆయన వెళుతూ గోడ మీద ఫోటోని తన ఫోనుతో ఫోటో తీసుకున్నారు, అట్ట మీద వెయ్యడానికి. నేను వద్దనలేదు. ఆయన వెళ్ళాక కామేశ్వరిని కూర్చోబెట్టి మొదటి కాగితం నుంచి చదివించాను. కస్తూరి గడప మీద తడుస్తూ నిలబడి ఉంది. నేను చెప్పినట్టే వాళ్ళత్త పెట్టె లాక్కుంటుంది, నేను చెప్పినట్టే పనిమనిషి దెప్పుతుంది. ఆ తర్వాత కుడి పక్కన, నేను చెప్పని ఒక మాట. శేఖర్: "కస్తూరీ, లోపలికి రా." రెండో భాగంలో, "కస్తూరీ, అన్నం తిన్నావా?" ఇంకో భాగంలో, "కస్తూరీ, నువ్వు నవ్వితే బాగుంటుంది." నేను శేఖర్‌కి 'ఇదిగో' తప్ప ఇంకేమీ పెట్టలేదు. నా మంచానికి రెండు అడుగుల దూరంలో కూర్చుని, నాకు వీపు చూపించి, నాకు రాని అక్షరాల్లో ఆయన పిలుస్తూ ఉన్నారన్నమాట. ఎవరో మస్కట్‌లో ఉన్నావిడకి వినపడింది. జంగారెడ్డిగూడెంలో ఎరువులు అమ్మేవాడికి వినపడింది. నాకు వినపడలేదు. నా పేరు తీసేసి తన పేరు వేసుకున్న మనిషీ, ఆ పిలుపులు వేసిన మనిషీ ఒక్కరే. ఎవర్ని తిట్టను, ఎవరి కోసం ఏడవను? రెండూ ఒకే ఫోటో ముందు చెయ్యాల్సి వస్తోంది. బతికుండగా తెలిసుంటే ఆ కీబోర్డు లాక్కుని, వీధంతా వినపడేలా పోట్లాడేదాన్ని. పోట్లాడాక ఏమై ఉండేదో. ఇప్పుడు ఆ పోట్లాటకి కూడా నోచుకోలేదు.

కామేశ్వరి భాస్కర్‌గారికి ఫోన్లో ఒక మెసేజ్ పెట్టింది, మా వదిన పేరు కూడా వెయ్యండి అని. జవాబు వచ్చింది. అందరూ సార్ పేరే ఉండాలంటున్నారట, ఇన్నేళ్ళుగా తెలిసిన పేరు కాబట్టి. అయితే మొదటి పేజీలో 'సార్ ధర్మపత్నికి అంకితం' అని వేస్తారట. "పేరు?" అన్నాను. "పేరు రాయలేదు వదినా" అంది. నేను మళ్ళీ అడగమనలేదు.

అప్పుడు నేనే అన్నాను, నేను చెప్తాను, నువ్వు రాయి, ఈసారి నా కథ, అని. మొన్న మధ్యాహ్నం ఒకచోట కలం ఆపేసింది. నేను దొంగ అన్నాను, ఆయన్ని. "ఆ మాట నేను రాయను వదినా" అంది. "నేను చెప్పింది రాయడానికే కూర్చున్నావు." "మా అన్నయ్యని దొంగ అని నా చేత్తో ఎలా రాయను?" "మరి ఆ రోజు భాస్కర్‌గారి ముందు కబుర్లు అన్నావేం? నువ్వు బియెడ్ చదువుతూ ఆ తలుపు దగ్గర కూర్చుని రెండేళ్ళు విన్నావు." కామేశ్వరి ఏడ్చింది. "పోయిన మనిషిని బయటివాళ్ళ ముందు చిన్నబుచ్చమంటావా?" అంది. "బతికున్న మనిషిని చిన్నబుచ్చావు కదే" అన్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత తను కలం తీసుకుని ఆ మాట రాసింది. రాసి, నాకు చూపించింది. నాకేం తెలుస్తుంది, రెండు అక్షరాలున్నాయి. కొట్టెయ్యమన్నాను. కొట్టేసింది. కొట్టేసిన గీత మాత్రం నాకు బాగానే కనపడింది.

అప్పట్లో రాయడానికి ఒక మనిషి కావాలి, ఎదురుగా కూర్చుని, ఎవరంటున్నారు అని అడిగే మనిషి. ఇప్పుడు ఫోనుకి చెబితే అదే రాసేస్తుందట, కామేశ్వరి చేసి చూపించింది. నేను వద్దన్నాను. అది నవ్వదు.

ఇవాళ్టితో చెప్పాల్సింది అయిపోయింది. పైన నా పేరు రాయమన్నాను. కామేశ్వరి పెద్ద అక్షరాలతో రాసి కాగితం నా ముందు పెట్టింది. వేలు పెట్టి చూసుకున్నాను. నాదే. "చదువు" అన్నాను. పెళ్ళైన నాటి నుంచి వదినా అనే పిలిచింది కాబట్టి తనకి నోరు తిరగలేదు. చివరికి, "శేషారత్నం" అని చదివింది. అత్తయ్యగారు పోయాక ఈ ఇంట్లో ఆ పేరు వినపడటం ఇదే మొదటిసారి. మళ్ళీ చదవమన్నాను. చదివింది. అన్నాచెల్లెళ్ళ గొంతుల్లో ఎక్కడో ఒకచోట పోలిక ఉంటుందంటారు. కళ్ళు మూసుకుని, ఆ రోజు ఆయన గడప దగ్గర మామిడాకుల వైపు చూస్తూ అన్న ఆ గొంతు కోసం విన్నాను. మూడోసారి, నాలుగోసారి కూడా చదివించాను. పోలిక లేదు.